ఓబన్నకొట్టాల ఫైనల్ లిస్ట్

ఆ బుధవారం ఉదయానికి మసరత్ వేసుకున్న పథకంలో మూడే పనులు. తొమ్మిదిన్నర లోపల ఫోటోలు కత్తిరించడం ముగించాలి. పది గంటల బస్సు పట్టుకోవాలి. మధ్యాహ్నం జమ్మలమడుగులో ఆమె ఖాలా, అంటే తల్లి చెల్లెలు, మైమూన్ ఇంట్లో జరిగే ఆమె కూతురి నిశ్చితార్థంలో కొత్త చీర కట్టుకుని, ఎవరూ ఏ పనీ చెప్పని మూల చూసి కూర్చోవాలి. మూడో పని కోసమే ఆమె మొదటి రెండూ త్వరగా చేయదలచుకుంది.

మసరత్ ప్రొద్దుటూరులో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. భర్త అబ్దుల్ వాహిద్ కువైట్‌లో బండి నడుపుతాడు. ఆమె ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, ఊళ్ళోని స్టూడియోల వాళ్ళకు పెళ్ళి ఆల్బమ్ పేజీలు తయారుచేసి ఇస్తుంది. పెళ్ళికూతురి వెనక తాజ్‌మహల్ పెట్టడం, నిద్రపోతున్న పెద్దమనిషి కళ్ళు తెరిపించడం ఆమెకు రోజువారీ పనులు. ఈసారి చేస్తున్నది మాత్రం పెళ్ళిది కాదు. ఆమె పుట్టిన ఊరిది.

ఆ ఊరి పేరు ఓబన్నకొట్టాల. ప్రాజెక్టు నీళ్ళ కింద మునిగి ఐదేళ్ళయింది. ఊరి జనం కొండాపురం దాపుల్లో కట్టిన కాలనీలో, గీత గీసినట్టున్న వీధుల్లో ఉంటున్నారు. మసరత్ తండ్రి షంషుద్దీన్ కూడా అక్కడే ఉంటాడు. ఊరు పోయింది, ఫోటోలన్నా ఒక్కచోట పెట్టుకుందామని కిరాణా కొట్టు గోవిందరాజులు శెట్టికి ఆలోచన వచ్చింది. ఇంటికొక పేజీ, పేజీకి నాలుగు ఫోటోలు, మొత్తం ఎనభై ఆరు ఇళ్ళు. జనం పెట్టెల అడుగున ఉన్నవీ, గోడల మీద ఉన్నవీ తీసిచ్చారు. శెట్టి కొడుకు వంశీకృష్ణకు పులివెందులలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అతను అన్నిటినీ ఫోన్‌తో ఫోటోలు తీసి మసరత్‌కు పంపాడు.

చిక్కంతా సైజు దగ్గర వచ్చింది. పేజీ పన్నెండు అంగుళాల చదరం. అందులో నాలుగు కిటికీలు, ఒక్కోటీ ఐదు అంగుళాల చదరం. ఓబన్నకొట్టాల జనం చదరంగా ఎప్పుడూ నిలబడలేదు. ఫోటో అంటే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసగా నిలబడేవాళ్ళు. చదరంలో పట్టాలంటే ఎడమ పక్క పోవాలి, లేదా కుడి పక్క పోవాలి. ఒక్కో ఫోటోకు ఒక్కో తీర్పు. బావను ఉంచితే మరదలు పోతుంది, మరదలిని ఉంచితే ఆమె చంకలోని బిడ్డ కాళ్ళు పోతాయి. మూడు రోజులు అలా తీర్పులు చెప్పి మొదటి వీధిలో పన్నెండు ఇళ్ళు పూర్తిచేసింది. ఆ పన్నెండింటిలో తన తండ్రి ఇల్లూ ఒకటి. ఆ పేజీలో మూడే ఫోటోలు. నాలుగో కిటికీలో రోజా పువ్వు బొమ్మ పెట్టింది. అది తల్లి రహమత్‌బీ కోసం ఉంచిన చోటు. రహమత్‌బీ ఊరు ఖాళీ చేయడానికి ఏడాది ముందు చనిపోయింది. కెమెరా కనిపిస్తే చాలు, ఆమెకు లోపల ఏదో పని గుర్తొచ్చేది. పాత రేషన్ కార్డు మీద గోరంత ఫోటో ఒకటి ఉండేది గానీ, ఇల్లు మారే హడావుడిలో ఆ కార్డు కూడా పోయింది.

"పువ్వు బాగుండాది బేటీ, దాన్నే ఉండనీ," అన్నాడు షంషుద్దీన్ ఫోన్‌లో.

బుధవారం పొద్దున కాఫీ తాగుతూ ఉండగా మసరత్‌కు మెరుపులాంటి ఉపాయం తట్టింది. ఒక ఫోటోను ఎలా కత్తిరించాలో కంప్యూటర్‌కు ఒక్కసారి చూపిస్తే, మిగిలినవన్నీ అదే కత్తిరించుకుంటుంది. రెండు పక్కలా సమానంగా తీసేసి, నడిమి భాగం చదరంగా ఉంచుకోవడమే దాని పని. ముందు ఆరు ఫోటోల మీద వేసి చూసింది. ఆరూ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. ఆరింటి నడుమా గోవిందరాజులు శెట్టి నిండుగా నిలబడి ఉన్నాడు.

దీనికి కారణముంది. పాత ఊళ్ళో ఎవరి ఇంట్లో ఫోటో తీస్తున్నా ఆ కబురు ముందు శెట్టి కొట్టుకే చేరేది. ఆయన తలుపు దగ్గరగా వేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేవాడు. వచ్చాక చివర నిలబడడం ఆయనకు చేతకాదు. పెళ్ళికొడుకైనా సరే, ఒక అడుగు పక్కకు జరగవలసిందే. ఈ సంగతి మసరత్‌కు తెలుసు. కానీ బస్సుకు టైమవుతున్న మనిషికి తెలిసినవన్నీ ఆ నిమిషంలో గుర్తుకు రావు.

డెబ్బై నాలుగు ఇళ్ళ ఫోటోలు ఆమె జడ వేసుకునేలోగా చదరాలైపోయాయి. వాటిని పేజీల్లో కూర్చి, ఒక ఫైలుగా చేసి, వంశీకృష్ణకు పంపింది. ఇళ్ళ వరస ఖాయం చేసుకున్న రోజున ఆ ఫోల్డర్‌కు ఆమె పెట్టుకున్న పేరు 'ఫైనల్ లిస్ట్'. ఫైలుకూ అదే పేరు వచ్చి కూర్చుంది. దాని వెనకే వాయిస్ మెసేజ్ పెట్టింది.

"వంశన్నా, అన్ని ఇండ్లూ అయిపోయినాయి. గ్రూపులో వేసి అందర్నీ చూసుకోమను. తప్పులుంటే సాయంత్రం లోపల చెప్పాల. పొద్దున ప్రింటుకు పోతాది, ఇంగ మార్చేదానికి కుదర్దు."

ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి, సంచిలో అడుగున పడేసి, బస్సెక్కింది.

పులివెందులలో వంశీకృష్ణ అప్పుడే ఎవరిదో ఫోన్ విప్పి, మరమేకులు అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. ఒంటి చేత్తో కాలనీ గ్రూపులో ఫైలు వేసి, దాని కింద ఇలా రాశాడు: 'ఫైనల్ లిస్ట్ వచ్చినాది. ఇండ్ల ప్రకారం ఉండాది. ఎవరిది వాళ్ళు చూసుకోండి. తప్పులుంటే సాయంత్రం లోపల చెప్పాల. రేపటి నుంచి మార్చేదానికి కుదర్దు.' ఆల్బమ్ అన్న మాట అతను రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాడు.

ఓబన్నకొట్టాల కాలనీలో లిస్టు అన్న మాట విని కూర్చునే మనిషి ఉండడు. ఊరు లేచిపోయిన రోజుల్లో ఎన్ని లిస్టులు వచ్చాయో, ఎవరి పేరు ఏ లిస్టులో ఉండి ఏ లిస్టులో లేకుండా పోయిందో ఆ జనానికి రామాయణంలా కంఠస్థం. కొన్ని ఇళ్ళకు ఇంకా పట్టాలు చేతికి రావలసి ఉంది. అందుకని ఫైలు తెరవక ముందే సగం మంది వీధిలోకి వచ్చేశారు.

రెండో వీధిలో తిరుపాలమ్మ అరుగు మీద చింతకాయలు కొడుతూ ఉంది. డెబ్బై ఏళ్ళుంటాయి. పక్కింటి మాధవి అంగన్‌వాడీ టీచరు. ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది.

"అవ్వా, మీ ఇంటిది చూడు."

"నాకేం అగపడ్తాదిమ్మా, నువ్వే చెప్పు. నేనుండానా?"

మాధవి జాగ్రత్తగా చూసి చెప్పింది. "మొదటి దాంట్లో నీ మొగం సగం ఉండాది. రెండో దాంట్లో మోచెయ్యి. గాజులు చూస్తే నీదే అనిపిస్తాంది. మూడో దాంట్లో నువ్వు లేవు, మీ ఎనుము ఉండాది."

"ఎనుము ఎంత ఉండాది?"

"మొత్తం ఉండాదవ్వా. కొమ్ములూ తోకా అన్నీ ఉండాయి."

"నాలుగో దాంట్లో?"

"గోవిందరాజులు శెట్టి."

తిరుపాలమ్మ చింతకాయలు కొట్టే రాయి పక్కన పెట్టింది. "నన్ను తీసేసి ఎనుముకిస్తారంట్నా పట్టా? అది సచ్చి నాలుగేండ్లాయ."

"అవ్వా, ఇది ఆల్బమేమో," అంది మాధవి కొంచెం అనుమానంగా.

"ఆల్బమని చెప్పే తీసుకుండారు ఫోటోలు. ఇప్పుడు లిస్టంటాండారు. నీదెట్లుండాదో చూసుకో పో."

మాధవి తన ఇంటి పేజీ తెరిచింది. ఆమె పెళ్ళి ఫోటోలో మొగుడి సగం, ఆమె సగం, ఇద్దరి నడుమ శెట్టి మొత్తం ఉన్నారు. ఆమె అనుమానం కూడా తీరిపోయింది.

అరగంటలో యాభై మంది శెట్టి కొట్టు ముందు చేరారు. అప్పటిదాకా శెట్టి కళ్ళజోడు తుడుచుకుని పేజీలన్నీ తిప్పి చూస్తూ చాలా సంతోషంగా ఉన్నాడు. నలభై ఒక్క ఫోటోల్లో తాను ఉన్నట్టు లెక్క తేల్చి, ఆ మాట ఎవరితోనైనా చెప్పాలని చూస్తున్నాడు. వచ్చిన వాళ్ళతో చెప్పాడు కూడా.

"నలభై ఒగటి. నేనెప్పుడు దిగినానో నాకే గుర్తు లేదప్పా."

తిరుపాలమ్మ ముందుకొచ్చింది. "శెట్టీ, నీకు ఒగ ఇల్లు. నలభై ఒగ ఇండ్లల్లో నువ్వెట్లా ఉండావు?"

శెట్టికి అప్పటికి గానీ ముందున్న మొహాల తీరు అర్థం కాలేదు. తనకేమీ తెలియదన్నాడు. అమ్మాయి చేసిందన్నాడు. వెంటనే మసరత్‌కు ఫోన్ చేశాడు. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు చేశాడు. ఎత్తలేదు. ఎత్తకపోవడం ఆయన మీదకే వచ్చింది. చివరికి కొడుక్కు చేసి, అందరూ వినేలా స్పీకర్‌లో పెట్టాడు.

"నాయనా, నేను పంపినేదే గాని చేసినేది కాదు," అన్నాడు వంశీకృష్ణ. అతని చేతిలో ఇంకా మరమేకులే ఉన్నాయి. "తప్పులుంటే సాయంత్రం లోపల చెప్పాలంట. అంతే నాకు తెలిసినేది. ఈడ గిరాకీ ఉండాది, మల్లా చేస్తా."

సాయంత్రం లోపల అన్న మాట జనం చెవుల్లో పడింది. మిగతాదేదీ పడలేదు. పట్టాలిచ్చే ఆఫీసు ఉండేది జమ్మలమడుగులో. ఇరవై మంది రెండు ఆటోల్లో అక్కడికి బయలుదేరారు. తప్పు చేసినవాడు పారిపోకుండా శెట్టిని ముందు ఆటోలో నడుమ కూర్చోబెట్టారు. షంషుద్దీన్‌ను కూడా ఎక్కించుకున్నారు. ఆయనకు జరిగేదేమిటో తెలియదు. తన కూతురి పేరు వినిపించిన చోటికి తాను వెళ్ళాలని మాత్రం తెలుసు.

జమ్మలమడుగులో వాళ్ళు ముందు ఆఫీసుకు పోయారు. దరఖాస్తులు తీసుకునే కిటికీ వెనక ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. మంచి మనిషి. తిరుపాలమ్మ మాధవి ఫోన్‌ను కిటికీలోంచి లోపలికి పెట్టి, "సారూ, ఈ ఫోటో చెల్తాదా?" అని అడిగింది. ఆయన చూశాడు. సగం మొహం, ఒక చెవి, పక్కన ఎవరిదో భుజం. ఏ దరఖాస్తు, ఏ ఊరు అని ఆయన అడగలేదు. రోజుకు అరవై సార్లు చెప్పే మాటే చెప్పాడు.

"చెల్లదమ్మా. మొహం పూర్తిగా ఉండాల. రెండు చెవులూ కనపడాల. పక్కన ఎవరూ ఉండకూడదు."

ఈ మాట రెండు నిమిషాల్లో ఫోన్ మీద కాలనీకి చేరింది. అక్కడ ఉన్నవాళ్ళంతా చెవులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. మొదటి వీధి వాళ్ళకు అందరికీ రెండేసి చెవులున్నాయని తేలింది. అది మసరత్ సొంత వీధి. ఆమె చేత్తో కత్తిరించిన పన్నెండు ఇళ్ళూ అక్కడివే. రెండో వీధి నుంచి చెవులు తగ్గుతూ వచ్చాయి. నాలుగో వీధిలో ఒకాయనకు చెవి ఒక్కటే ఉంది, అదీ ఆయనది కాదు, ఆయన బావమరిదిది. మసరత్ తన వీధికి మాత్రం అన్ని చెవులూ పెట్టుకుందన్న మాట ఫోన్ మీద తిరిగి జమ్మలమడుగు వచ్చేసరికి, షంషుద్దీన్ పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం దూరం జరిగారు.

"సంసుద్దీనూ, బిడ్డ యాడుండాదప్పా?" అని అడిగింది తిరుపాలమ్మ. ఆమె గొంతులో కోపం కంటే కష్టమే ఎక్కువగా ఉంది. పాత ఊళ్ళో ఇద్దరివీ ఒకే గోడ ఇళ్ళు. మసరత్ నడక నేర్చింది తిరుపాలమ్మ వాకిట్లోనే. "నా మొగం కోసేటంత పని నేనేం చేసినా ఆ బిడ్డకు?"

"ఈన్నే ఉండాది. మైమూన్ వాళ్ళింట్లో నిశ్చితార్థం," అన్నాడు షంషుద్దీన్. "నేనే అడుగుతా పా. తప్పు చేసింటే మొగం మీదనే చెప్పు."

మైమూన్ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. లోపల నిశ్చితార్థం అప్పుడే ముగిసి, భోజనాలకు పిలుస్తున్నారు. పెళ్ళికొడుకు వాళ్ళది పులివెందుల. వాళ్ళు ముప్పై మందిమి వస్తామని చెప్పి ముప్పై మందే వచ్చారు. అలాంటి సమయంలో రెండు ఆటోల నుంచి ఇరవై మంది దిగి గబగబా షామియానాలోకి వస్తే, మైమూన్ ముందు బిర్యానీ గిన్నె మూత తీసి చూసుకుంది. పెళ్ళికొడుకు వాళ్ళ తరఫున ఇంకా ఇరవై మంది వచ్చారనుకుంది. పెళ్ళికొడుకు తండ్రి వాళ్ళను చూసి, పెళ్ళికూతురి వాళ్ళకు ఇంత బలగముందా అనుకుని లేచి నిలబడ్డాడు. రెండు పక్కల వాళ్ళూ ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చారు.

"మేం గొడవకొచ్చినాం మ్మా," అంది తిరుపాలమ్మ.

"ముందు కూచోండవ్వా, తిని మాట్లాడుకుందాం," అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. ఏ పెళ్ళిలోనైనా అలిగే పెద్దావిడ ఒకరు ఉంటారని ఆయనకు తెలుసు. ఆమెను తన చేత్తో కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసు నిండా రూహ్ అఫ్జా షర్బత్ ఇప్పించాడు. ఎర్రటి ఎండలో ముప్పావు గంట ఆటోలో వచ్చిన జనం. వద్దనే ఓపిక ఎవరికీ లేదు. తాగారు. తాగాక గొడవ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గ్లాసులు చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

మసరత్ తాను ఎంచుకున్న మూల నుంచి ఇదంతా చూసింది. తిరుపాలమ్మను చూసి ముందు సంతోషించింది. అవ్వను కూడా పిలిచారా అనుకుంటూ దగ్గరికి వచ్చింది.

"ఎప్పుడొస్తివవ్వా?"

తిరుపాలమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నా మొగం కోసినావంట. ఎందుకు కోసినావో చెప్పు, పోతా."

మసరత్ సంచి అడుగు నుంచి ఫోన్ తీసింది. నూట పద్దెనిమిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నిలబడి ఉన్నచోటే ఫైలు తెరిచి, రెండో వీధికి వచ్చి, ఒక్కో పేజీ జరిపింది. సగం మొహాలు, మోచేతులు, ఎనుము, శెట్టి. మళ్ళీ శెట్టి. ఆమె చెవులు వేడెక్కాయి.

"అవ్వా, ఇది నేను కోసింది కాదు. అంటే, నేనే. కంప్యూటర్‌కు చెప్పినా. అది నడుమ ఉండేది ఉంచుకొని రెండు పక్కలా తీసేసినాది. ఇది లిస్టు గాదు, మన ఆల్బమే."

"ఆల్బమైతే ఫైనల్ లిస్టని యాల రాసినావు?" అన్నారు వెనక నుంచి.

దానికి మసరత్ దగ్గర జవాబు ఉంది. కానీ ఆ జవాబు చెప్పినకొద్దీ ఆమెకే నమ్మకం తగ్గింది. ఫోల్డర్ అంటే ఏమిటో చెప్పేసరికి, ఆ ఫోల్డర్ ఏ ఆఫీసులో ఉందని అడిగారు. మీ వీధిలో అందరికీ చెవులు ఎట్లా వచ్చాయని ఒకరు అడిగారు. అవి చేత్తో చేశానని ఆమె నిజం చెప్పింది. అది అన్నిటికంటే పెద్ద తప్పయింది.

అప్పుడు గోవిందరాజులు శెట్టి లేచాడు. పొద్దుటి నుంచి ఆటోలో ఇద్దరి నడుమ నలిగి, ఊరి పెద్దగా బతికిన మనిషి ఊరి దొంగలా కూర్చుని ఉన్నాడు. మసరత్ ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, నన్ను తీసెయ్. నలభై ఒగటిలోనూ తీసెయ్. నాకు ఒగటీ వద్దు. ఈ జనానికి ఎవురి చెవులు వాళ్ళకిచ్చెయ్ తల్లీ."

మాటలతో పని జరగదని మసరత్‌కు అర్థమయింది. వంశీకృష్ణ పంపిన అసలు ఫోటోలు ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. మైమూన్ ఇంటి హాల్లో గోడకు పెద్ద టీవీ ఉంది. ఫోన్‌ను దానికి కలిపింది. ఓబన్నకొట్టాల వాళ్ళంతా హాల్లోకి వచ్చారు. పులివెందుల వాళ్ళు కూడా, ఇదేదో పెళ్ళికూతురి వాళ్ళ ఆచారమనుకుని, కుర్చీలు తెచ్చుకుని వెనక కూర్చున్నారు.

"అవ్వా, ఇదో నువ్వు. మొత్తం ఉండావు. చూడు."

తెర మీద తిరుపాలమ్మ నిలువెత్తున వచ్చింది. పాత ఇంటి ముందు ఎనుముకు ఎడమ పక్కన, పలుపు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. అల్లుడు తీసిన ఫోటో అది. రెండు చెవులూ కమ్మలతో సహా ఉన్నాయి. తిరుపాలమ్మ దగ్గరికి పోయి చూసుకుంది. ఒక్కో చెవినీ వేలితో ముట్టుకుని చూసింది. వచ్చిన కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక, కొంగుతో తెర మీది వేలిముద్రలు తుడిచింది.

"ఉండా," అంది చివరికి.

"నాది చూపీ," అని ఒకరు, "ముందు నాది," అని ఇంకొకరు మొదలుపెట్టారు. మసరత్ తరవాతి ఫోటోకు వేలు జరపబోయింది.

"ఆన్నే ఉండనీ బేటీ," అన్నాడు షంషుద్దీన్.

పొద్దుటి నుంచి ఆయన గొంతు పెద్దగా వినిపించలేదు. అందుకే అందరూ ఆగారు. ఆయన లేచి టీవీ దగ్గరికి వచ్చాడు. తిరుపాలమ్మను చూడడం లేదు. ఆమెకు ఇంకా ఎడమ పక్క, ఫోటో చివరంచు దగ్గర వేలు పెట్టాడు. అక్కడ పక్కింటి నీలం తలుపు ఉంది. తలుపు సగం తెరిచి ఉంది. గడపలో ఒకావిడ చాటతో బియ్యం చెరుగుతూ, అరుపు విని తలెత్తినట్టుగా ఇటు చూస్తోంది. పెట్టె అడుగున ఉన్న చిన్న ఫోటోలో ఆమె అగ్గిపుల్ల తలంత ఉండేది. ఎవరూ చూసుండరు. టీవీలో జానెడు ఉంది.

"అది రహమత్‌బీ కదప్పా," అంది తిరుపాలమ్మ.

మసరత్ ఫోటోను పెద్దది చేసింది. తల్లి మొహం కొంచెం మసకగా ఉంది. కానీ నవ్వు తెలుస్తోంది. నాకెందుకులే అన్నట్టుండే ఆ నవ్వు ఆమెదే. ఈ మొహాన్ని పొద్దున కంప్యూటర్ తీసి అవతల పారేసింది. తాను ఆ సమయంలో జడ వేసుకుంటూ ఉంది.

"ఆ పొద్దు పిలిస్తి నేను," అంది తిరుపాలమ్మ. "రా మేయ్, ఫోటో తీస్తాండాడు మా అల్లుడు అంటి. బియ్యం చెరగల్ల, నాకెందుకులే అనె. వచ్చి నిలబడింటే ఏం పోయెడిది."

"వచ్చింటే గూడా శెట్టి నడుమన నిలబడుండు," అన్నారెవరో మెల్లగా. షంషుద్దీన్ నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. దాంతో హాల్లో మిగతా వాళ్ళూ నవ్వారు. శెట్టి కూడా నవ్వాడు.

ఆ తరవాత ఎవరూ తమ చెవులు చూపించమని అడగలేదు. ఫోటో రాగానే పక్కకు జరపమన్నారు. "ఆ గోడ కొసకు పో. ఆడ మా నాయన మంచం ఉండాల." "కింద, కింద చూపీ. అది మా రోలు. తెచ్చుకునేదానికి బండి దొరక్కపాయ." "ఆ కిటికీలో ఏంది? ఆగు, అది మా మస్తానమ్మ చెయ్యి." ఐదేళ్ళుగా చూడని అరుగులు, గూళ్ళు, తలుపుల రంగులు, ఎండేసిన చీరలు ఒక్కొక్కటే టీవీ మీదికి వచ్చాయి. ఫోటో నడుమ నిలబడినవాళ్ళంతా ఈ హాల్లోనే కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళను కొత్తగా చూడవలసిన పని ఎవరికీ లేదు. శెట్టి తన పాత కొట్టు గుర్తుపట్టి, తలుపు పక్కన తన తండ్రి అరువుల లెక్కకు గీసిన సుద్ద గీతల్ని మూడుసార్లు చూపించమన్నాడు. ఆ గీతలకు అడ్డంగా తానే నిలబడి ఉన్నందుకు ఆయనకు మొదటిసారి చిరాకు వేసింది.

"కొంచెం వారకు జరిగింటే ఏం పోయెడిది నాకు," అన్నాడు.

భోజనాలు రెండు గంటలు ఆలస్యమయ్యాయి. పెళ్ళికొడుకు తండ్రి ఏమీ అనుకోలేదు. తన ఇంట్లో ఎప్పటివో ఫోటోలు బీరువా పైన మూటగట్టి ఉన్నాయని, అవి ఒకసారి దించి చూడాలని పక్కవాళ్ళతో చెబుతూ ఉన్నాడు. బిర్యానీ యాభై మందికి చేసింది డెబ్బై మందికి సరిపెట్టారు. తిరుపాలమ్మ మాంసం ముట్టదు. మైమూన్ ఆమెకు విడిగా పెరుగన్నం కలిపి, పక్కన కూర్చుని తినిపించినంత పని చేసింది.

సాయంత్రం కాలనీ గ్రూపులో మసరత్ ఒక మెసేజ్ పెట్టింది. 'ఇది లిస్టు కాదు. ఎప్పుడూ లిస్టు కాదు. ప్రింటు ఆపినాను. ప్రతి ఫోటో మీ ముందర కూచోనే కత్తిరిస్తాను. ఆదివారం నుంచి వస్తాను.'

అలాగే వెళ్ళింది. లాప్‌టాప్ తీసుకుపోయి తిరుపాలమ్మ అరుగు మీద కూర్చుంది. ఇంటివాళ్ళను పక్కన పెట్టుకుని, ఏ కొస ఉండాలో ఏది పోవాలో వాళ్ళనే అడిగింది. పద్దెనిమిది రోజులు పట్టింది. నడిమి చదరం ఎవరూ కోరలేదు. ఎడమ కొసలో ఒక చదరం, కుడి కొసలో ఒక చదరం తీసుకున్నారు. మనుషులు ఏ ఆకారంలో మిగిలితే ఆ ఆకారంలో ఉండనిచ్చారు. తిరుపాలమ్మ పేజీలో ఈసారి కూడా ఆమె మోచెయ్యే వచ్చింది. దాని వెనక ఇంటి వాకిలి మొత్తం ఉంది కాబట్టి ఆమె ఒప్పుకుంది. నీలం తలుపు చదరాన్ని షంషుద్దీన్ పేజీలో, రోజా పువ్వు తీసేసి, నాలుగో కిటికీలో పెట్టారు. దాన్ని కత్తిరించేటప్పుడు మసరత్ తొందరపడలేదు. ఒక పూట దానికే పెట్టుకుంది.

పుస్తకాలు అచ్చయి వచ్చి, ఇంటికొకటి పంచిన వారం రోజులకు మసరత్‌కు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ నీళ్ళ కిందే పోయిన ఇంకో ఊరి పెద్దమనిషి, వాళ్ళదీ పక్క కాలనీయే. ఓబన్నకొట్టాల పుస్తకం చూశామని, తమ ఊరికీ అలాంటిది ఒకటి కావాలని అడిగాడు. ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఫోటోలు అని ఆమె రాసుకుంది. పేజీ సైజు చెప్పింది. చివరగా, ఇంకేమైనా ఉందా అని అడిగింది.

"మనుషులు లేకుండా చెయ్ మ్మా," అన్నాడు. "మనుషులుంటే తగువులొస్తాయి."